మడవ మీద కాలి గుర్తు

కిందటి మంగళవారం పొద్దున మా పెద్దబాపు పోయాడు. కామారెడ్డిలో నా టైలరింగ్ షాపు షట్టర్ ఎత్తుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దబాపు లేడే" అన్నాడు. ముందురోజు పొలానికి నీళ్లు పెట్టి వచ్చిన మనిషి తెల్లారి లేవలేదట.

మా చిన్నతనంలోనే నాన్న పోతే మమ్మల్ని పెంచింది నాన్నకు అన్న అయిన ఆయనే. ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో పొలాలకు కాలువ నీళ్లే దిక్కు. వారానికొకసారి, సోమవారం, మా వంతు. వంతు అయిపోగానే మా పొలంలోకి నీళ్లు వచ్చే మడవకు మట్టి అడ్డం వేసి, మడమతో గట్టిగా తొక్కేవాడు. తర్వాత కాలువ చివరిదాకా నడిచి, అక్కడి పొలాలకు నీళ్లు అందాయని చూసి గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. "ఊరి పొలాలన్నీ నీయే అన్నట్టు తిరుగుతవ్" అని పెద్దమ్మ గొణిగేది.

నా డిగ్రీ అయిపోయిన ఏడాది యాసంగి పంటకు కాలువలో నీళ్లు సన్నబడ్డాయి. ఒకరిని చూసి ఒకరు వంతు లేకున్నా కాలువలో మోటర్లు దించారు. చుట్టూ పచ్చగా ఉంటే మా వరి ఎర్రబడుతోంది. పెద్దబాపు యూరియాకని ఎల్లారెడ్డి పోయిన రోజు మధ్యాహ్నం నేనూ మోటర్ దించాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, పైపు బిగించడం కూడా సరిగా రాదు నాకు.

ఆయన వచ్చి చూశాడు. మోటర్ బంద్ చేసి పైపు చుట్టేశాడు.

"అందరు పెట్టిండ్రు పెద్దబాపు! మనమొక్కలమే ఎందుకు ఎండిపోవాలె?" అని అరిచాను.

"అందరు పెట్టిండ్రని నాకు ఎరుకే. కాలువ కింద ఎవ్వలున్నరో నీకు ఎరుకనా? నడువు."

కాలువ చివర ఒక ముసలవ్వ గుంటలో మిగిలిన నీళ్లను చెంబుతో బకెట్‌లోకి తోడుతోంది. ఆమె మడి నెర్రెలు వారింది. మమ్మల్ని చూసి, "ఎండల పడి వచ్చిండ్రు" అంటూ ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో తాగే నీళ్లు మాకిచ్చింది. నేను మూత తీయకుండానే ఆ సీసాను ఆమె చేతికి తిరిగి ఇచ్చాను.

ఆ ఏడు మా పొలం సగం ఎండింది. దాన్ని పశువులు మేస్తుంటే కోపంతో వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. చాలా ఏళ్లకు ఒకసారి, "ఇగ నువ్వు చేసినట్టే చేస్త పెద్దబాపు" అన్నాను.

నవ్వాడు. "నన్ను జూసి గూడ చెయ్యకు బిడ్డా. నేను తప్పు చేస్తే? కిందికి పోయి సూడు, గప్పుడు చెయ్యి."

నిన్న సోమవారం. ఇంట్లో చావు జరిగిందని వరి ఆగదు కదా, పార పట్టుకొని నేనే పోయాను. మడవ మీద ఆయన ఆఖరిసారి తొక్కిన మడమ గుర్తు అలాగే ఉంది. నీళ్లు పారాలంటే దాన్ని తవ్వాలి. అక్కడే కూర్చొని ఏడ్చాను. ఒక్కసారి వచ్చి తిట్టినా బాగుండనిపించింది. చివరికి ఆ మట్టిని విరగకుండా పెళ్లగా ఎత్తి గట్టు మీద పెట్టాను.

సాయంత్రం మడవ కట్టి, నా మడమతో తొక్కి, కాలువ చివరిదాకా నడిచాను. నీళ్లు అందాయి. తిరిగి వస్తుంటే గట్టు మీద ఆ పెళ్ల కనిపించింది. నా పార నుంచి చిందినవేమో, ఆయన మడమ గుర్తులో కాసిన్ని నీళ్లు నిలిచి ఉన్నాయి.