మగ్గాల ఊళ్ళు తిరిగిన ఈశ్వరి

చౌడేశ్వరిని ఇంట్లోవాళ్ళూ హాస్టల్లో మేమూ ఈశ్వరి అనే పిలిచేవాళ్ళం. ఆమె పూర్తి పేరు నలుగురికీ తెలిసింది పుస్తకం అట్ట మీద చూశాకే.

నేను ఆమెను మొదటిసారి చూసింది 1998లో, బెంగళూరు యశ్వంతపురంలోని ఒక లేడీస్ హాస్టల్లో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికి ఒంగోలు నుంచి అప్పుడే వచ్చాను. గదిలో రెండో మంచం ఆమెది. మంచం కింద స్క్రూడ్రైవర్లూ వైర్లూ సన్నని ఇనుప రేకులూ కుక్కిన తోలు సంచి ఒకటి ఉంది. దాన్ని కాలితో పక్కకు జరపబోయాను.

"మెల్లగప్పా! అందులో నా కూడు ఉండాది," అంది.

తెలుగే. కానీ నేను అంతవరకూ వినని తెలుగు.

"మీది అనంతపురమా?" అని అడిగాను.

"కాదు. ఈ పక్కనే దొడ్డబళ్ళాపురం. మా తాతల కాలం నుంచి ఈడే ఉండేది."

వాళ్ళు నేతవాళ్ళు. ఇంటి ముందు హాలంతా పవర్‌లూమ్‌లు, వెనక రెండు గదుల్లో సంసారం. తండ్రి కృష్ణప్ప పొద్దున్నే మోటారు స్విచ్చి వేస్తే చీకటిపడే దాకా ఆ మోత ఆగదు. ఆ మోతలో ఏం చెప్పాలన్నా మూడు నాలుగు మాటల్లో, గట్టిగా చెప్పాలి. ఈశ్వరి మామూలుగా మాట్లాడినా మా పక్క గదివాళ్ళకు వినిపించేది.

ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. ఆ ఇంట్లో తెలుగు అక్షరం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు ఈశ్వరి కన్నడంలో కవితలు రాసింది. కాలేజీలో బహుమతి కూడా వచ్చింది.

"ప్రైజు వచ్చింది గానీ పల్లవీ, అది నేను రాసినట్ల లేదు. ఎవరో బాగా చదువుకున్న అమ్మాయి రాసినట్ల ఉండె," అని నాతో చెప్పింది.

అందుకని తెలుగులో రాయడం మొదలుపెట్టింది, కన్నడ అక్షరాలతో. తర్వాత తెలుగు అక్షరాలు మెజెస్టిక్ బస్టాండులో బస్సు కోసం నిలబడి సినిమా పోస్టర్లు చూసి నేర్చుకుంది. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళలాంటివి కాబట్టి పెద్దగా కష్టపడలేదట. "కన్నడంలో తలకట్టు పడుకోని ఉంటాది, తెలుగులో లేచి నిలబడుకోని ఉంటాది. అంతే కదా," అనేది. పోస్టర్లలో దొరకని వత్తులు కొన్ని నన్నడిగి నేర్చుకుంది. ఒక ఆదివారం తలారబోసుకుంటూ తన కవిత ఒకటి చదివి వినిపించింది.

*మా ఇంట్లో మాట ఉండాది,*
*దానికి అచ్చు లేదు.*
*మగ్గం ఆగినప్పుడు*
*అది లేచి కూకుంటాది.*

"ఇంకోసారి చదువు," అన్నాను. చదివింది. నాకు కవిత్వం పెద్దగా తెలియదు. కానీ మా వీధిలో, మా ఇంట్లో మాట్లాడుకునే మాటలతో ఎవరైనా ఇలా రాసి ఉంటే నేనూ చదివేదాన్ని కదా అనిపించింది.

ఆమె ఉద్యోగం పీణ్య పారిశ్రామికవాడలో. గురుమూర్తి అనే ఆయన నడిపే చిన్న వర్క్‌షాపు అది. పడుగులో దారం తెగగానే మగ్గాన్ని దానంతటదే ఆపేసే పరికరం ఒకటి అక్కడ తయారుచేసేవాళ్ళు. వేరే రాష్ట్రాల నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. ఊరూరా తిరిగి వాటిని బిగించి, పనివాళ్ళకు నేర్పించి వచ్చే అతను అప్పుడే మానేసి వెళ్ళిపోయాడు. ఈశ్వరి నేరుగా గురుమూర్తి దగ్గరికి వెళ్ళింది.

"నేను పోతాను సార్."

"ఆడపిల్లని ఒంటరిగా ఎట్లమ్మా పంపేది? హిందీ వస్తుందా నీకు?"

"మగ్గంతో మాట్లాడేదానికి హిందీ ఎందుకు సార్? నేను మగ్గాల నడిమిట్ల పుట్టినాను. బిగించేది నేను, నేర్పించేది నేను. మొదటి ఊర్లో సరిగా చేయకపోతే మళ్ళీ పంపవద్దు."

గురుమూర్తి సేలం పంపించాడు. పని బాగా జరిగింది. ఆ తర్వాత ఇచల్‌కరంజి, మాలేగావ్, సూరత్. కృష్ణప్ప మాత్రం మొదట్లో చాలా గొణిగాడు. "పెళ్ళి కావాల్సిన పిల్ల, రైళ్ళెంబడి తిరుగుతాంటే జనం ఏమనుకుంటారు?" అని. "మగ్గాలుండే ఊర్లకే కదా నాయనా పోతాండాను. ఆడంతా మనోళ్ళే," అని నవ్వి సంచి భుజాన వేసుకునేదట.

తిరిగొచ్చినప్పుడల్లా నాకు కథలు చెప్పేది. సేలంలో ఒక ముసలాయన దారం రంగును వాసన చూసి చెప్పాడని, సూరత్‌లో ఒడియా కుర్రాళ్ళు ఒకే చాప మీద వంతులవారీగా పడుకుంటారని. కవితలు కూడా రాసేది, ఎక్కువగా రైల్లో.

నెలకో ఆదివారం మల్లేశ్వరంలో తెలుగువాళ్ళ సాహిత్య సమావేశం జరిగేది. బలవంతంగా ఆమెను అక్కడికి తీసుకువెళ్ళాను. ఈశ్వరి లేచి తన గట్టి గొంతుతో రెండు కవితలు చదివింది. వెనక వరసలో ఒకరిద్దరు నవ్వారు. ముందు వరసలో కూర్చున్న శ్రీకాంత్ గారు నవ్వలేదు. ఆయన ఒక చిన్న పత్రికకు సంపాదకుడు. సమావేశం అయ్యాక దగ్గరికి వచ్చారు.

"చాలా బాగున్నాయమ్మా. మా పత్రికలో వేస్తాను. ఒక్క చిన్న మార్పు. 'ఉండాది' అన్నచోట 'ఉంది' అని పెడదాం. పాఠకులకు అలవాటుగా ఉంటుంది."

ఈశ్వరి తన కాగితాలు మడుచుకుంది. "ఉంది అంటే మా ఇంట్లో ఎవురూ తిరిగి చూడరు సార్. వేస్తే ఇట్లే వేయండి. లేదంటే వద్దు."

"పత్రికకు ఒక పద్ధతంటూ ఉంటుంది కదమ్మా."

"సరే సార్. అయితే వద్దు."

కోపంగా అనలేదు. కాఫీ వద్దన్నంత మామూలుగా అంది. బస్సులో నేనే బాధపడ్డాను. "ఎందుకు అంత తొందర ఈశ్వరీ? కొంచెం అడ్జస్ట్ అయితే పేరు ప్రింట్‌లో వచ్చేది కదా."

"వస్తాదిలే పల్లవీ. నాకేం వయసు అయిపోయిందా?" అని కిటికీలోంచి బయటకు చూస్తూ వేరుశెనక్కాయలు తింది.

2000లో ఆమెను సోలాపూరు పంపించారు. తువ్వాళ్ళు నేసే కార్ఖానా. యజమాని మరాఠీ ఆయన. వచ్చీరాని హిందీలో అతనితో మాట్లాడి పని మొదలుపెట్టింది. పరికరం బిగించి, దారం ఒకటి తెంపి, మగ్గం ఎలా ఆగిపోతుందో పనివాళ్ళకు చూపించింది. ఎవరూ మెచ్చుకోలేదు. ఒకతను పక్కవాడితో మెల్లగా అన్నాడు, "గిది వస్తే ఒక్కడు ఆరు మగ్గాలు సూస్తడు. ఇగ మనమేం జేస్తం?"

ఈశ్వరి చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది. మహారాష్ట్రలో, మరాఠీ బోర్డు కింద, తెలుగు.

"మీరు తెలుగువాళ్ళా?" అని అడిగింది. వాళ్ళు ఆమెకంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు. మధ్యాహ్నం అన్నాల వేళ వాళ్ళలో ఒకతను ఆమెను తన ఇంటికి తీసుకువెళ్ళాడు. అతని తల్లి బాలవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది.

"ఏడికెళ్ళి వచ్చినవ్ బిడ్డా?"

"బెంగళూరు నుంచి అవ్వా. మేమూ నేతోళ్ళమే."

"మల్ల గట్ల మాట్లాడుతవేంది?"

"మా ఇంట్లో ఇట్లే మాట్లాడేది. మీరు ఎప్పుడు వచ్చినారు ఈడికి?"

"మా మామల తాతలు వచ్చిండ్రట. పోరగాండ్లంత మరాఠీ బడికే వోతరు. తెలుగు రాయ రాదు, సదువ రాదు. మాట మాత్రం ఇడువలే."

ఈశ్వరి ఆ మాటకు పెద్దగా నవ్వేసిందట. "మాది కూడా అదే కత అవ్వా, మాకు కన్నడం," అంది. బాలవ్వ జొన్నరొట్టె, పల్లీల కారం పెట్టింది. ఇద్దరి తెలుగూ ఒకటి కాదు. కొన్ని మాటలు ఒకరివి ఒకరికి అర్థం కాక చేతులతో చూపించుకున్నారు. మరునాడు కూడా ఈశ్వరి అక్కడికే భోజనానికి వెళ్ళింది. కార్ఖానాలో విన్న ప్రశ్నే బాలవ్వ కొడుకు ఈసారి ఆమెనే అడిగాడు. "అక్కా, నిజం చెప్పు. మా పని పోతదా?" "కొందరిది పోతాది," అంది ఈశ్వరి. అబద్ధం చెప్పి ఆ ఇంట్లో రొట్టె తినలేనని అనిపించిందట.

తిరిగి రాగానే కాగితాలు ముందేసుకుంది. సోలాపూరు గురించి కవిత రాయబోయింది. కుదరలేదు. "నాలుగు మాటల్లో పట్టేది కాదు పల్లవీ ఇది. నడిచినట్ల చెప్పాల," అంది. అలా వచనంలోకి దిగింది. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. తను చెప్పే భాగమంతా పత్రికల్లో కనిపించే మామూలు తెలుగులో రాసింది, బాలవ్వ మాట బాలవ్వలా, తన మాట తనలా ఉంచింది.

"మరి ఇప్పుడు 'ఉంది' రాశావేం?" అని ఏడిపించాను.

"బాలవ్వ మాటా నా మాటా ఒకరిదొకరికే సరిగా తెలీలేదు. ఇంగ శ్రీకాకుళంలో చదివేవాళ్ళకు ఎట్ల తెలుస్తాది? దోవ చూపించేటప్పుడు వాళ్ళకు తెలిసిన మాటల్లోనే చూపించాల. ఇంట్లోకి వచ్చినాక మాత్రం మా మాటే వినాల." కవితల విషయంలో మాత్రం పట్టు వదల్లేదు.

దాన్ని శ్రీకాంత్ గారికే పంపింది. ఆయన ఫోన్ చేశారు. ఒక్క అక్షరం మార్చకుండా వేస్తానన్నారు. తర్వాత, "ఆ కవితలు కూడా పంపించమ్మా. అలాగే వేస్తాను. అప్పుడు నేను సరిగ్గా వినలేదు," అన్నారు.

పత్రిక వచ్చాక మొదటి చిక్కు పీణ్యలోనే వచ్చింది. ఎవరో గురుమూర్తికి చదివి వినిపించారు. ఆయన ఈశ్వరిని పిలిపించాడు.

"మన మిషన్ వస్తే పనివాళ్ళ పని పోతుందని రాసినావంట?"

"వాళ్ళు అడిగినారు సార్. నేను చెప్పినాను. జరిగిందే రాసినాను."

"కంపెనీ పేరు రాసినావా?"

"లేదు సార్."

గురుమూర్తి కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇంగోసారి పోయినప్పుడు మన మిషన్ ఎంత బాగా పని చేస్తుందో కూడా రాయి," అన్నాడు. ఉద్యోగం పోలేదు. మరుసటి నెల ఆమె భివండి వెళ్ళింది.

దొడ్డబళ్ళాపురంలో ఆమె పత్రిక చదివి వినిపించిన రోజు నేనూ ఉన్నాను. కృష్ణప్ప మోటారు ఆపి, బనియనుతోనే వచ్చి గడప మీద కూర్చున్నాడు. కవితల్లో ఒకదాంట్లో దారం తెగినప్పుడు ఆయన మగ్గాన్ని తిట్టే తిట్టు ఉంది.

"అది కూడా రాసినావా? ఊరంతా చదువుతారు కదే!" అన్నాడు చెవులు ఎర్రబడి.

"చదవనీ నాయనా. అంత బాగా తిట్టేది ఎవురికి వస్తాది?"

ఆయన అటూ ఇటూ చూశాడు. తర్వాత, "ఆ సోలాపూరుది ఇంగోసారి చదువు," అన్నాడు. బాలవ్వ మాటలు వచ్చినప్పుడల్లా అర్థమైనట్టు తల ఊపాడు. రైళ్ళ గురించి ఆ తర్వాత ఎప్పుడూ గొణగలేదు.

2005లో ఆమె మగ్గాల ఊళ్ళ ప్రయాణాలు పుస్తకంగా వచ్చాయి, మరుసటి ఏడాది కవితలు. అమ్మకాలు గొప్పగా లేవు. అయినా అనంతపురం నుంచి, సిరిసిల్ల నుంచి ఫోన్లు వచ్చాయి. మల్లేశ్వరం సమావేశంలో ఆమె చదివాక కొత్తగా వచ్చిన ఇద్దరమ్మాయిలు తమ ఊరి మాటలతో రాసినవి తీసుకొచ్చి చూపించారు. "వీటిని ఎవురు మార్చమన్నా మార్చవద్దండి, మీకు అనిపిస్తే తప్ప," అంది వాళ్ళతో.

2007లో ఈశ్వరి మొదటిసారి కంపెనీ పని లేకుండా, సెలవు పెట్టి, అస్సాంలో పట్టు నేసే ఒక ఊరికి బయలుదేరింది. స్టేషన్‌కు నేను వెళ్ళాను. "అక్కడ ఒక్క తెలుగు మాట కూడా వినిపించదు. ఏం చేస్తావ్?" అని అడిగాను.

"అందుకే పోతాండేది. ఇన్నాళ్ళూ మనోళ్ళు ఎక్కడుండారా అని వెతుక్కుంటా పోయినాను. ఈసారి ఊరికే పోయి చూస్తాను," అంది.

వారం తర్వాత అక్కడినుంచి ఫోన్ చేసింది. ఆ ఊళ్ళో నేసేవాళ్ళంతా ఆడవాళ్ళేనట. ఒకావిడ తన మగ్గం దగ్గర కూర్చోబెట్టి, పేక దారం నడిపే నాడె చేతికిచ్చిందట, రెండు వరసలు తప్పు నేస్తే విప్పించి మళ్ళీ నేయించిందట. ఆవిడ ఏమందో ఒక్క ముక్క తెలియలేదట.

"మరి ఏం రాస్తావు?"

"మొదటి పేజీ అయిపోయింది," అంది ఈశ్వరి. అటునుంచి ఎవరో పిలుస్తున్నారు. ఫోన్ పెట్టేసింది.