మూడు సెకన్ల మెసేజ్‌లో అత్తమ్మ మాట

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ మండుతుంది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నమ్మమని ఎవరినీ బతిమాలడం లేదు.

మాది మెదక్‌లో చర్చి వెనక వీధి. మా ఆయన పాపన్నపేట బడిలో టీచరు. పొద్దున షేర్ ఆటో ఎక్కితే మళ్లీ సాయంత్రమే. పగలంతా ఇంట్లో నేను, మామయ్య. ఆయనకు షుగర్. తొమ్మిదింటికి ఇన్సులిన్ సూది వేసుకుంటారు, అరగంటలో తినాలి, లేకపోతే షుగర్ మరీ పడిపోతుంది. ఆయనకేమో మతిమరుపు. అత్తమ్మ పోయినప్పటి నుంచి చూసుకోవాల్సింది నేనే. హైదరాబాద్ కంపెనీకి వెబ్‌సైట్లు టెస్ట్ చేసే పని ఆమె ఉన్నప్పటి నుంచే ఇంట్లో కూర్చుని చేస్తున్నాను; ఆమె పోయాక ఆఫీసుకు రమ్మంటే, బతిమాలి ఇలాగే ఉంచుకున్నాను.

అప్పుడు నా చేతిలో ఉన్నది రైతులు పేర్లు నమోదు చేసుకునే వెబ్‌సైట్. బటన్ నొక్కగానే పై మూలన చిన్న డబ్బా వచ్చి ‘వివరాలు భద్రపరచబడ్డాయి’ అంటుంది. మూడు సెకన్లలో మాయం. దాన్ని మేము టోస్ట్ అంటాం. మా ప్రాణం తీసేది అదే. నేను రాసిన చిన్న ప్రోగ్రాం, అంటే స్క్రిప్ట్, బ్రౌజర్‌ను తనే నడిపి, డబ్బా కనిపించినప్పుడే అందులోని మాట చదివి లాగ్ ఫైల్లో రాయాలి. కాస్త ముందు చూస్తే రాదు, తర్వాత చూస్తే ఉండదు.

ఒక సోమవారం తొమ్మిదిన్నరకు ఒక టెస్ట్ ఫెయిలైంది. లాగ్ తెరిస్తే, భద్రపరచబడ్డాయి అని ఉండాల్సిన చోట ‘మీ మామ తిన్నడా’ అని ఉంది.

అది అత్తమ్మ మాట. రోజూ ఆ వేళకు నా గది గుమ్మం దగ్గరికొచ్చి అదే అడిగేది. భయమేసింది. లేచి వెళ్లి చూశాను. మామయ్య హాయిగా ఉప్మా తింటున్నారు.

మంగళవారం మళ్లీ అదే. మళ్లీ లేచాను, మళ్లీ తింటున్నారు. బుధవారానికి భయం పోయి చిరాకు మొదలైంది. కోడ్ అంతా వెతికాను, ఆ మాట ఎక్కడా లేదు. బ్రౌజర్ తీసేసి కొత్తగా వేశాను. స్క్రీన్ వీడియో తీస్తే అందులో మామూలు మెసేజే కనిపిస్తుంది. లాగ్‌లో మాత్రం అత్తమ్మ! ఎవరితో చెప్పుకోను?

గురువారం టీం లీడ్ ఫోన్ చేశాడు. “మేడం, జర గీ మజాక్ ఆపుండ్రి. గా మెసేజ్ మీరే పెడ్తున్నరని డెవలపర్లు అంటుండ్రు. రేపు క్లయింట్‌కు చూపియ్యాలె. ఒక్కటి ఫెయిలైనా సోమవారం నుంచి ఆఫీసుకు వచ్చి చేయుండ్రి, నేనేం చేయలేను.”

నేను ఆఫీసుకు పోతే మామయ్యను ఎవరు చూస్తారు?

శుక్రవారం పొద్దున, మా పనిలో చేయకూడనిది చేశాను. ఆ మాట వస్తే పట్టించుకోకుండా పాసైనట్టు రాయమని స్క్రిప్ట్‌లో రెండు లైన్లు కలిపాను. ‘ఇప్పుడు అడుగు, చూద్దాం’ అని పైకే అన్నాను కూడా. పదిన్నరకల్లా నలభై టెస్టులు నడిచాయి. నలభైకి నలభై పాస్. హమ్మయ్య అనుకుని లీడ్‌కు పంపడానికి లాగ్ తెరిచాను.

రోజూ ఒక్క టెస్ట్‌లో వచ్చే మాట, ఆ రోజు నలభైలోనూ ఉంది. పైనుంచి కిందిదాకా ‘మీ మామ తిన్నడా’.

కుర్చీ తన్నేసి పరుగెత్తాను. మామయ్య ముందు గదిలో కుర్చీలో పక్కకు ఒరిగిపోయి ఉన్నారు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకడం లేదు. టేబుల్ మీద ప్లేటుకు పెట్టిన మూత పెట్టినట్టే ఉంది. చిగుళ్లకు చక్కెర రుద్దుతూ పక్కింటాయనను కేకేశాను. ఆయన ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయాం. గ్లూకోజ్ ఎక్కించాక గంటకు మనిషయ్యారు. “సూది ఏసుకున్న, తినుడు మర్శిన బిడ్డా” అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ రెండు లైన్లు తీసేసి మళ్లీ నడిపాను. నలభై టెస్టులూ మామూలుగా పాసయ్యాయి; అదే లీడ్‌కు పంపాను, ఇంటి నుంచి పని నిలిచింది. ఆ మాట మళ్లీ ఎప్పుడూ రాలేదు. శుక్రవారం పొద్దున వచ్చిన లాగ్ నా దగ్గర ఇంకా ఉంది. డెవలపర్‌కు చూపిస్తే అక్షరాలు తారుమారయ్యే ఎన్‌కోడింగ్ సమస్య అన్నాడు. ఎన్‌కోడింగ్ సమస్యట! దానికి మా మామ తిండి గోలెందుకు?

నాకూ తెలియదు. ఎంత ఆలోచించినా తెగదు. చెప్పదలుచుకుంటే కలలోకి రావచ్చుగా, నా స్క్రిప్ట్‌లో దూరడం ఎందుకని అత్తమ్మ మీద కోపం కూడా వచ్చింది.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆమె గుమ్మంలో నిలబడి అడిగిన రోజుల్లో నేను హెడ్‌ఫోన్స్ తీయకుండా, తల తిప్పకుండా “ఆ, తిన్నరు అత్తమ్మా” అనేదాన్ని. తిన్నారో లేదో చూసేదాన్ని కాదు. ఆమె ఒక్క క్షణం నిలబడి, తనే వెళ్లి చూసుకునేది.

ఇప్పుడు తొమ్మిదిన్నర కాగానే లేచి వెళ్లి ప్లేటు మీద మూత తీసి చూస్తున్నాను.