పిట్ట ముట్టని తీపి మందు

మా వైపు మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతాం. కాష్ఠం కాలిన చోట విస్తరి వేసి, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వడ్డించి, దూరంగా జరిగి కాకి కోసం చూస్తాం. కాకి ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఆ కోరిక ఏమిటో ఊహించి, తీరుస్తామని ఒక్కొక్కరం పైకి చెప్పాలి.

భూపాలపల్లిలో మా అన్నకు పెట్టిన రోజు బొగ్గు బాయిలు బంద్, బస్సులు బంద్, దుకాణాలు బంద్. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది. అన్న బాయిలో దిగి బొగ్గు తవ్వే మనిషి. సమ్మె టెంటు కింద పొద్దంతా కూర్చుని కంపెనీ క్వార్టరుకు వచ్చి, నీళ్లు అడిగి, అవి తెచ్చేలోగా గుండె ఆగి పోయాడు. జనగామ నుంచి మోటరుసైకిల్ మీద నేను చేరేసరికి పాడె కట్టడం కూడా అయిపోయింది.

విస్తట్లో అన్నం, కోడికూర, బీడీలు పెట్టాం. మందు దొరకలేదు. అప్పుడు వదిన బీరువాలోంచి ఆ సీసా తెప్పించింది.

దాని సంగతి మా అందరికీ తెలుసు. మహబూబాబాద్‌లో ఉండే వదిన తమ్ముడు దుబాయి నుంచి వస్తూ బావ కోసం తెచ్చిన విస్కీ. లేబుల్ మీద సగం ఎరుపు, సగం పసుపుగా ఏదో పండు బొమ్మ. "తెలంగాణ వచ్చిన్నాడే దీని మూత తీస్త" అని అన్న దాచాడు. రాష్ట్రం ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చిన రోజు బయటికి తీసి, గ్లాసులు కడిగించి, "ఆగుండ్రి, పార్లమెంటుల బిల్లు కానీ" అని మళ్లీ లోపల పెట్టాడు. ఆ నెల దాటకముందే ఢిల్లీ మాట మార్చింది.

సీసా మూత తీసి గ్లాసులో పోసి, తుమ్మచెట్టు పక్కకు వెళ్లి నిలబడ్డాం. కాకి జాడ లేదు.

"కాకులన్ని వంటావార్పు కాడికి పోయినయ్. ఆడ పప్పన్నం ఇడిసి గీడికెందుకొస్తయే" అన్నాడు అన్నతో పనిచేసిన ఒకాయన. సమ్మెవాళ్లు ఆ రోజు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుంటున్నారు.

"లేకుంటె అవి గూడ సమ్మెల దిగినయేమో" అన్నాడు ఇంకొకాయన. నవ్వబోయి వదినను చూసి ఆగిపోయారు.

వదిన తమ్ముడు ముందుకు వెళ్లి, "బావా, అక్కను నేను అర్సుకుంట. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. మా మేనత్త, "కొడుకా, నీ పిల్లలను మంచిగ సదివిపిస్తం, రా బిడ్డా" అని ఏడ్చింది. ఏమీ రాలేదు.

వదిన నా వైపు తిరిగింది. "తమ్మీ, నువ్వు జెప్పు. తెలంగాణ వస్తదని జెప్పు. ఆయన నీ మాటే నమ్ముతడు."

బడి నడుమనే మానేసినవాణ్ణి నేను. తవ్విన బావిలో మట్టి ఎంతో, కోసిన దుంగలో కలప ఎంతో లెక్కగట్టడం సొంతంగా నేర్చుకుని బతుకుతున్నాను. సరిచూడకుండా అంకె చెప్పనని పేరు. అన్న కలిసినప్పుడల్లా "లెక్క జెప్పురా, ఎప్పుడొస్తది?" అని అడిగేవాడు. పార్లమెంటులో ఔననేవాళ్లెందరో, కాదనేవాళ్లెందరో వేసి చూపించేవాణ్ణి. ఎట్లా కూడినా మన వైపు చాలేది కాదు. "ఇంకోసారి చూడు, ఏడనో తప్పువోయినవ్" అని నవ్వేవాడు.

విస్తరి ముందు నిలబడ్డాను. "వస్తదే అన్నా. తెలంగాణ వస్తది. నువ్వు సల్లగ పో." నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

కాకి రాలేదు.

"నీకే నమ్మకం లేకపాయె. ఆయనెట్ల నమ్ముతడు?" అంది వదిన. కోపంగా అన్నా బాగుండేది. అట్లా అనలేదు.

మేనత్త కళ్లు తుడుచుకుని, "గా మందు ఎన్నొద్దులాయె బీరువల వడి. పాడైందేమో. ఎవలన్న జర నాలికెకు తాకిచ్చి చూడుండ్రి" అంది. సీసా నా చేతికి ఇచ్చారు.

మూతలోకి కొంచెం వంచుకున్నాను. బాగా మాగిన పండు వాసన, అసలు పండుకు కూడా అంత ఉండదు. నాలుక మీద ముందు చక్కెర పాకం. తర్వాత దవాఖానలో ఇచ్చే దగ్గు మందు. అది దిగిపోయాక ఎక్కడో అడుగున కొద్దిగా మంట. విస్కీ అన్నది ఆ మంట ఒక్కటే. అన్న చాయ్‌లో కూడా చక్కెర వేసుకునేవాడు కాదు. గొంతు కోస్తూ దిగకపోతే "నీళ్లమ్ముతున్నవా" అని దుకాణపాయనతో కొట్లాడేవాడు. అంత ఆశతో దాచుకున్నది ఒక్క గుక్కకే ఉమ్మేసే సరుకు. ఆయన బతికి ఉండి, రాష్ట్రం వచ్చి, అందరం గ్లాసుల్లో పోసుకున్నా ఇంతే. ఆ ఆలోచనతో సీసాకు మూత పెట్టి అక్కడే కూర్చున్నాను.

"ఎట్లుంది?" అంది వదిన.

"పాడు గాలే వదినా. గని తియ్యగుంది, షర్బత్ తీరు. అన్న తాగేటోడు గాదు."

ఆమె ముఖం తేటపడింది. "గందుకే ముట్టలే! ఆయనది ఆయనకు తెండ్రి" అని తమ్ముణ్ణి లేపి తరిమింది. నేను చెప్పిన మాట ఆమెకు అట్లా పనికొస్తుందనుకోలేదు.

అతను బండి మీద వెళ్లి, మూసిన దుకాణం వెనక తలుపు కొట్టి, అన్న రోజూ తాగే చవక సీసా సంపాదించుకొచ్చాడు. తీపి మందు గ్లాసుకు అప్పటికే చీమలు పట్టాయి. దాన్ని తీసి కొత్త గ్లాసు పెట్టి జరిగి నిలబడ్డాం. ఒక కాకి వచ్చి తుమ్మకొమ్మ మీద వాలింది. అది మెడ వంచి విస్తరిని చూసింది. రోడ్డు మీద పొయ్యిల పొగ లేస్తున్న వైపు ఎగిరిపోయింది.

"ఆవుకు పెడదాం. ఆవుకు పెట్టినా చెల్లుతది" అన్నారు మగవాళ్లు. వదిన విస్తరి దగ్గరికి వెళ్లి కూర్చుంది, లేవలేదు. మందు బాగా లేదనుకోవడానికి కూడా ఇప్పుడు వీలు లేదు.

"ఇంకోసారి జెప్పు తమ్మీ" అంది. "జర గట్టిగ జెప్పు."

"తెలంగాణ వస్తదే అన్నా" అని గట్టిగా చెప్పాను. ఆమె ఖాళీ కొమ్మ వైపు చూస్తోంది. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.