రోడ్డు మీద జాగోర్కా పండుగ

నవంబరు మొదట్లో మా లోయలో పొగమంచు నదిలోంచి లేచి రోడ్డు మీదికి వచ్చేది. వచ్చి, సరిహద్దు గేటు దగ్గర లారీలతో పాటు తనూ వరుసలో నిలబడేది. లారీలు కదిలేవి కావు. మంచూ కదిలేది కాదు. డ్రైవర్లు చిన్న గ్యాసు స్టవ్వుల మీద కాఫీ పెట్టుకుంటుంటే, ఆ వాసన ఒక లారీ నుంచి ఇంకో లారీకి చేతులు మారుతూ కొండ మలుపు దాకా పోయేది.

ఆ వరుస పక్కనే రేకుల గదులుండేవి. గదికో కస్టమ్స్ ఏజెంటు. లారీలో ఉన్న సరుకేమిటో, ఎక్కడిదో, ఎవరికి చేరాలో కాగితాల మీద రాసి, డ్రైవరు తరఫున అధికారుల కిటికీ కిటికీకీ తిరిగి ముద్రలు వేయించుకొచ్చే పని వాళ్ళది. అందులో నీలం రంగు గది మా పెద్దమ్మ జాగోర్కాది. పెదనాన్న తిహోమిర్ బయట కిటికీల చుట్టూ తిరిగేవాడు. ఆమె లోపల కూర్చుని రాసేది. తన స్టాంపు వేసే ముందు దాని మీద ఒకసారి నోటితో ఊపిరి వదిలేది, చలికి కొంకర్లు పోయిన పసివాడి వేళ్ళ మీద ఊదినట్టు. కాగితం మీద ఆమె ఊదా రంగు ముద్ర పడితే ఆ లారీకి ఒక ముద్ద అన్నం పెట్టినట్టుండేది.

వాళ్ళ ఇంటి పునీతుడు దిమిత్రి. మా వైపు ప్రతి ఇంటికీ ఒక పునీతుడుంటాడు. ఆయన రోజున పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, రొట్టె కోసి, వచ్చినవాళ్ళకల్లా పెట్టడమే స్లావా. ఒక ఏడు దిమిత్రి రోజు లారీల వరుస లోయ చివరిదాకా సాగి పెదనాన్న ఇంటికి రాలేకపోయాడు. ఇంట్లో వంటంతా చేసుకుని మధ్యాహ్నం దాకా చూసి, పెద్దమ్మ పటాన్ని శాలువాలో చుట్టి, ఉడికించిన తీపి గోధుమల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పక్కింటివాళ్ళ కారులో సరిహద్దుకు వచ్చేసింది. కాగితాలు పక్కకు జరిపి బల్ల మీద కొవ్వొత్తి నిలబెట్టింది. చలిలో నిలబడ్డ డ్రైవర్లు ఆ వెలుగు చూసి ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. తలుపు దగ్గర ఒక చెంచా గోధుమలు, తర్వాత కూర్చోడానికి చోటు, తర్వాత క్యాబేజీ ఆకులో చుట్టిన మాంసం. నెవ్‌జాత్ అనే టర్కీ డ్రైవరు వాల్‌నట్లూ పంచదారా కలిపిన ఆ గోధుమలు నోట్లో పెట్టుకుని, మా అమ్మ కూడా ఇలాంటిదే చేసేదని చెప్పి, చెంచా తిరిగి ఇవ్వడం మర్చిపోయి నిలబడిపోయాడు. ఆ ఏటి నుంచి ఆ ఇంటి స్లావా రేకుల గదిలోనే జరిగింది. పటం కూడా అక్కడే, తూర్పు మూల, వేళ్ళాడే తాళంచెవుల పైన స్థిరపడింది.

హాస్లింగర్ గారు వచ్చింది ఆ రోజుల్లోనే. ఆస్ట్రియా కంపెనీ ఒకటి మా ఊరి పక్కన కారు సీట్లకు తోలు తొడుగులు కుట్టే ఫ్యాక్టరీ పెట్టింది. దానికి ఆయన పెద్ద. నాకు అక్కడ సరుకు విభాగంలో పని దొరికింది. తోలు టర్కీ నుంచి, దారాలు ఇంకెక్కడి నుంచో రావాలి. రాకపోతే కుట్టే ఆడపిల్లలను మధ్యలో ఇంటికి పంపేసేవారు. వాళ్ళలో సగం మంది మా పెద్దమ్మ పుట్టిన ఊరివాళ్ళే.

మొదటిసారి తోలు లారీ ఇరుక్కుపోయినప్పుడు ఆయన స్వయంగా సరిహద్దుకు వచ్చాడు. పల్చటి నగరపు బూట్లతో బురదలో లారీల పక్కన నడుచుకుంటూ, ఒక్కో కిటికీ దగ్గరా ఆగి ఎప్పుడు అవుతుందని అడుగుతూ వచ్చాడు. అందరూ ఒకటే చెప్పారు, ఇదిగో ఇప్పుడే అని. కొన్నాళ్ళకు ఆ మాటను ఆయనే మాకు అనువదించి చెప్పేవాడు. ఇదిగో ఇప్పుడే అంటే సాయంత్రమట. అయిపోవచ్చింది అంటే రేపట. అయిపోయింది అంటే ఇంకో ముద్ర తక్కువైందట. నవ్వకుండా చెప్పేవాడు. తోలును పశువైద్యుడు చూడాలి, తర్వాత ఇంకో శాఖ చూడాలి, తర్వాత కస్టమ్స్ వాళ్ళు చూడాలి. పశువైద్యుడు భోజనానికి వెళ్తే ఆ ఆవు ఇంకా బతికే ఉన్నట్టు అందరూ ఎదురుచూడాలి.

దిమిత్రి రోజున మాత్రం ఆయన ఒక్కసారీ లోపలికి రాలేదు. ఆ రోజుల్లో సరిహద్దులోనే ఉండేవాడు, పని ఉండేది. తలుపు బార్లా తీసి ఉన్న మా నీలం గది ముందు నుంచి నడిచేవాడు, లోపలి పాటలు విని క్షణం ఆగేవాడు, తర్వాత వెళ్ళి తన లారీ పక్కన నిలబడి కాగితంలో చుట్టి తెచ్చుకున్న రొట్టె తినేవాడు. పక్క గది ఏజెంటు రాంజెల్ కిటికీలోంచి చూసి ఊరుకునేవాడు కాదు. మన గోధుమలు ఆయనగారి గొంతు దిగవు లెమ్మనేవాడు. పెద్దమ్మ మాత్రం ఆ రోజంతా ఒక ప్లేటు బోర్లించి పక్కన పెట్టి ఉంచేది.

పెదనాన్న ఒక చలికాలంలో పోయాడు. పెద్దమ్మ నల్లబట్టలు కట్టుకుని, ఆయన తిరిగిన కిటికీలన్నీ తనే తిరిగింది.

కొన్నాళ్ళకు విదేశీ కంపెనీల సంఘం నిష్ నగరంలో సమావేశం పెట్టింది. సరిహద్దుల దగ్గర ఎవరికేం ఎదురైందో చెప్పమంది. హాస్లింగర్ గారు మా పెద్దమ్మను కారులో తీసుకెళ్ళాడు. ఆమె నిలబడి, ఒకే తోలును ఇందరు విప్పి చూస్తే అది మారిపోదు కదా, ఒకరు చూసి మిగతావాళ్ళు నమ్మితే మా ఊరి ఆడపిల్లలు పని ఆగిపోయి మధ్యాహ్నమే ఇంటికి తిరిగి రాకుండా ఉంటారు అని చెప్పి కూర్చుంది. అక్కడున్నవాళ్ళకు తెలియని సంగతేం కాదది. వాళ్ళూ చాలా కాలంగా అదే అనుకుంటున్నారు. చెప్పడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది, అంతే.

మార్పు మంచు విడిపోయినట్టు నెమ్మదిగా వచ్చింది. మొదట లారీ కంటే ముందే కాగితాలు కంప్యూటర్లో చేరడం మొదలైంది. తర్వాత కిటికీలన్నీ ఒకటయ్యాయి. ఆ తర్వాత, నమ్మకమున్న కంపెనీల లారీలు సీలు విప్పకుండా నేరుగా ఫ్యాక్టరీకే వెళ్ళిపోవచ్చన్నారు. తనిఖీ ఏదైనా ఉంటే అధికారి అక్కడికే వస్తాడు. తోలు లారీ ఆలస్యం కావడం మానేసింది. మిషన్లు ఆగలేదు. ఆడపిల్లలు ఇళ్ళు కట్టుకున్నారు. పెద్దమ్మ నిజంగానే సంతోషించింది. రేకుల గదులు మాత్రం ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. రాంజెల్ తన గదిలో టైర్ల కొట్టు పెట్టాడు.

"తలుపు నువ్వే కదా తీశావు జాగోర్కా. ఇప్పుడు గాలేస్తోందంటే ఎలా?" అనేవాడు.

"గాలి రానీ. నీ టైర్ల కంపు పోతుంది" అనేది ఆమె.

చిన్నా చితకా సరుకులకు ఇంకా ఆమె అవసరం ఉండేది. పెద్ద లారీలు ఆమె కిటికీ ముందు నుంచి వేగంగా వెళ్ళిపోయేవి. అద్దాలు కొంచెం వణికి ఊరుకునేవి. నెవ్‌జాత్ లారీ కూడా అలాగే వెళ్ళేది. ఒక చెయ్యి లేచేది, అంతే.

అప్పుడే పెదనాన్న తమ్ముడు వుకాదిన్ పటం సంగతి ఎత్తాడు. నిష్‌లో ఆయనకు పెద్ద ఇల్లు, ఇద్దరు కొడుకులు. స్లావా మగపిల్లల వెంట నడిచేది కాబట్టి పటం వాళ్ళింట్లో ఉండటమే పద్ధతి అన్నాడు. కటువుగా అనలేదు.

"రోడ్డు మీది జనం కోసం పటాన్ని ఇక్కడ పెట్టారు, సరే. ఇప్పుడు ఆ జనమే లేరు కదా వదినా. దిమిత్రిని రేకుల మధ్య ఒంటరిగా ఉంచుతావా?"

పెద్దమ్మ కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. "రోడ్డు మీది నుంచి ఒక్కడైనా దిగి రాని ఏడు, నా చేతులతో నేనే నీకిస్తాను" అంది. "నువ్వూ, రాంజెలూ, మన సినీషా లెక్కలోకి రారు. మీరు నా వాళ్ళు."

సినీషా అంటే నేనే. ఆ మాట అన్నాక వచ్చిన దిమిత్రి రోజుకు ముందు సంగతి ఇది.

ఫ్యాక్టరీలో హాస్లింగర్ గారు నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. వచ్చే వేసవికి ఆయన ఉద్యోగం ముగించుకుని తన దేశం వెళ్ళిపోతున్నాడు. మా భాష పుస్తకంలో నేర్చుకున్నాడు, పుస్తకంలాగే మాట్లాడేవాడు.

"సినీషా గారూ, మీ పెద్దమ్మగారి పట్ల నేను ఏదైనా అపరాధం చేశానా?"

నాకు అర్థం కాలేదు.

"ఇన్నేళ్ళలో ఆమె తన పండుగకు అందరినీ పిలిచారు. లారీ డ్రైవర్లను సైతం పిలిచారు. నన్ను పిలవలేదు. ప్రతి ఏటా ఆ తలుపు ముందు నుంచి నడిచాను. ఎవరైనా పిలుస్తారేమోనని."

చేతిలోని కాఫీ బల్ల మీద పెట్టాను. ఆ బోర్లించిన ప్లేటు గుర్తొచ్చింది.

"ఎవర్నీ పిలవలేదండీ. స్లావాకు పిలుపులుండవు. పిలిస్తే అది పునీతుడికి అవమానం. తలుపు తీసి ఉంచుతారు, వచ్చేవాళ్ళు వస్తారు."

"అయితే రానివాళ్ళు?"

"రాకూడదనుకున్నారని అనుకుంటాం."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మా ఇంట్లో పిలవకుండా ఒకరి తలుపు తట్టితే మా నాన్న మూడు రోజులు మాట్లాడేవాడు కాదన్నాడు. తర్వాత, మరి నేను ఇప్పుడు రావచ్చునా అని అడిగాడు.

"నేను మిమ్మల్ని పిలవడం లేదు," అన్నాను. "పిలిచే హక్కు నాకు లేదు. ఎల్లుండి దిమిత్రి రోజని మాత్రం చెబుతున్నాను."

దిమిత్రి రోజున మంచు మళ్ళీ దిగింది. పెద్దమ్మ తెల్లారకముందే గోధుమలు ఉడికించి, రొట్టెతో పాటు గదిలోని పొయ్యి పక్కన వెచ్చగా ఉంచింది. కొవ్వొత్తి వెలిగించి పటం కింద నిలబడింది. స్లావా రోజు ఇంటి పెద్ద కూర్చోకూడదు, అతిథులకు వడ్డిస్తూ నిలబడే ఉండాలి. వుకాదిన్ పొద్దున్నే వచ్చాడు. ఒళ్ళో కొత్త తెల్లటి నార గుడ్డ, ఇస్త్రీ మడతలతో, పటం చుట్టి తీసుకెళ్ళడానికే కాబోలు. అది ఎవరి కంటా పడకూడదని కోటు కిందకు తోశాడు గానీ అంచు కనిపిస్తూనే ఉంది. రాంజెల్ టైర్ల కొట్టు మూసి వచ్చాడు. మేం తిన్నాం. మాట్లాడుకున్నాం. ప్రతి లారీ చప్పుడుకూ మాటలు ఆగేవి, అది దాటిపోయాక మళ్ళీ మొదలయ్యేవి.

మధ్యాహ్నం దాటింది. హాస్లింగర్ గారి సంగతి నేను పెద్దమ్మకు చెప్పలేదు. వస్తాడో రాడో తెలియదు. పొద్దున ఫ్యాక్టరీకి ఫోను చేస్తే, ఆయన తెల్లారే సరిహద్దు అవతలికి వెళ్ళారన్నారు. ఇక రాడనుకున్నాను. కొవ్వొత్తి నడుము దాకా కరిగింది. రాంజెల్ ఆ రోజు ఒక్క వేళాకోళమూ ఆడలేదు. అది చూసే నాకు భయమేసింది.

"కూర్చో వదినా, కాళ్ళు లాగుతాయి" అన్నాడు వుకాదిన్ మెల్లగా.

"కొవ్వొత్తి ఉంది కదా ఇంకా" అంది ఆమె.

అప్పుడు గేటు ఇవతల ఒక పెద్ద లారీ వేగం తగ్గించింది. బ్రేకుల నిట్టూర్పు వినిపించింది. దీపాలు మంచులో అలాగే నిలిచాయి. ఒక తలుపు, తర్వాత ఇంకో తలుపు మూసిన చప్పుడు. మంచులోంచి ముందు పల్చటి బూట్లు కనిపించాయి, వాటి పైన హాస్లింగర్ గారు, ఆయన పక్కన జుట్టంతా నెరిసిపోయిన నెవ్‌జాత్.

ఇద్దరూ గుమ్మం దగ్గర ఆగారు. రండి అనకూడదు కాబట్టి పెద్దమ్మ అనలేదు. గోధుమల గిన్నె రెండు చేతులతో పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అంతే. హాస్లింగర్ గారు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"జాగోర్కా గారూ, ఏ పత్రాలు చూపించవలెను?"

"చెంచా పట్టుకో నాయనా. చల్లారిపోతున్నాయి."

ఆయన నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. నెవ్‌జాత్ వెనక నుంచి గొంతు సవరించుకున్నాడు.

"ఆగుదామని ప్రతిసారీ అనుకుంటానక్కా. బండి ఒక్క నిమిషం నిలబడితే చాలు, ఎందుకు ఆగావంటూ వీళ్ళ ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. ఇవాళ ఫోను చేయించే మనిషే పక్కన కూర్చుని ఆపమన్నాడు."

హాస్లింగర్ గారి చెవులు ఎర్రబడ్డాయి. అవతలి దేశంలో ఒక పార్కింగులో తోలు లారీ కోసం పొద్దున్నుంచీ కాచుకుని, డ్రైవరు పక్క సీట్లో ఎక్కి వచ్చాడట. రోడ్డు మీది నుంచే రావాలని ఆయనకెవరూ చెప్పలేదు. కారులో వస్తే మళ్ళీ ముందు నుంచే దాటిపోతానేమోనని భయమేసిందట.

పెద్దమ్మ బోర్లించిన ప్లేటు తిప్పి ఆయన ముందు పెట్టింది. తర్వాత ఒకరు, ఇద్దరు ఆగారు. ఆగి ఉన్న లారీని చూసి ఏదో జరిగిందనుకుని దిగినవాళ్ళే. తిని వెళ్ళారు. గది మళ్ళీ తడి కోట్ల వాసనతో, పొగాకుతో, ఎవరిదో పాటతో నిండింది. రాంజెల్ హాస్లింగర్ గారి పక్కన చేరి, ఇన్నేళ్ళూ మీ గొంతు గురించి నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, ముద్ర ఎక్కడ వేయించుకోవాలో చెప్పండి అన్నాడు. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

వెళ్ళేటప్పుడు, వచ్చే ఏడు నేను వేరే దేశం నుంచి రావాలి, తేదీ ముందుగా తెలియజేస్తారా అని అడిగాడు ఆయన.

"పునీతుడి తేదీ మారదు" అంది పెద్దమ్మ.

లారీ దీపాలు మలుపు తిరిగాక ఆమె కొవ్వొత్తిని రెండు చుక్కల ఎర్ర ద్రాక్షసారాతో ఆర్పింది. తడిసిన వత్తి సన్నగా సుయ్‌మంది. వుకాదిన్ లేచి కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. పటం వైపు చూసి శిలువ గుర్తు వేసుకున్నాడు, దాన్ని ముట్టుకోలేదు.

"ఆ గుడ్డ ఇలా ఇవ్వు" అంది పెద్దమ్మ.

ఆయన సిగ్గుపడుతూ తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, పండుగ రొట్టెలో మిగిలిన పెద్ద ముక్క మధ్యలో పెట్టి, నాలుగు అంచులూ కలిపి ముడేసి, మరిది చేతిలో పెట్టింది.

"పిల్లలకు. వెచ్చగా ఉంది, ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళు."