పాటకు ఆమెన్ చెప్పిన ఆదివారం

మా సంఘంలో నెల మొదటి ఆదివారం పెళ్ళికాని పిల్లల కోసం చీటీల ప్రార్థన ఉంటుంది. ఎలాంటి జోడీ కావాలో రాసి డబ్బాలో వేస్తారు. పేరు రాయకూడదు. నేను ఒక్కో చీటీ చదువుతాను, చదవగానే అందరూ ఆమెన్ అంటారు. ఎక్కువగా రాసేది కొడుకుల తల్లులే. "ప్రభువా, నా కుమారునికి తెల్లగా, పొడుగ్గా, బీఎడ్ చదివిన, ఎదురు మాట్లాడని పిల్లను దయచేయుము." ఆమెన్. "రంగు తక్కువైతే ఉద్యోగమైనా ఉండవలెను." దానికీ ఆమెన్. ఈ మాటలు దేవుడి ముందు పెట్టడానికి పన్నెండేళ్ళు నా గొంతు ఇచ్చాను.

మా ఇంట్లో ఉండే మా అక్క కూతురు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టే పనిలో ఉంది. మిషను ముందు కూర్చుని, ఇప్పుడు అందరి ఫోన్లలో మోగుతున్న ఒక పాట పాడింది. నాకొచ్చేవాడు ఇలా ఉండాలి, తిన్న ప్లేటు వాడే కడగాలి అని ఒక అమ్మాయి పాడే పాట. పక్క మిషను పిల్ల దాన్ని వీడియో తీసి స్టేటస్ పెట్టింది. మరుసటి రోజే సంఘపెద్ద మా గుమ్మంలో ఉన్నాడు.

"ఏమమ్మా, మొగుడెట్లుండాల్నో మీ పిల్ల ఊరంతా పాడి చెప్తాండాదే!"

"అందులో తప్పేముండాదన్నా?"

"ఆడపిల్ల కోరికలు బజార్న పెడితే సంఘం పేరు, సాక్ష్యం ఏం గావాల? అందరి ముందర క్షమాపణ చెప్పేదాకా ప్రభువు బల్లలో రొట్టెకు చెయ్యి చాపకూడదు."

పిల్ల ఏడవలేదు. ఆయన పోయాక నన్నే అడిగింది. "చిన్నమ్మా, తిన్న ప్లేటు వాడే కడుక్కోవాలంటే పాపమా?"

నా ఒళ్ళు మండిపోయింది. బైబిల్లో బావి దగ్గర నీళ్ళు తోడిన ఆ పిల్లను సైతం, పెళ్ళికి పంపే ముందు పిలిచి ఈ మనిషితో పోతావా అని అడిగారని నేనే ఆదివారం బడిలో ఎంతమందికి చెప్పానో. ఈ పెద్దమనిషి పిల్లలూ అక్కడే కూర్చుని విన్నారు.

ఆ తర్వాత వచ్చిన నెల మొదటి ఆదివారం డబ్బాలో నాలుగో చీటీ విప్పగానే చేతిరాత గుర్తుపట్టాను. ఆ అక్షరాలు దిద్దించింది నేను. పక్కన పెట్టేయవచ్చు. పెట్టలేదు. మిగతావి చదివిన గొంతుతోనే చదివాను.

"ప్రభువా, నాకు రాబోవువాడు తాను తిన్న ప్లేటు తానే కడుగుకొనువాడై యుండవలెను. నేను మాట్లాడునప్పుడు ఫోను పక్కన పెట్టువాడై యుండవలెను. మా అమ్మను తన అమ్మవలె చూచుకొనవలెను."

"ఆమెన్!" అంది సంఘమంతా. అందరికంటే గట్టిగా అన్నది సంఘపెద్దే. అన్న తరవాత ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవురిదమ్మా ఆ చీటీ?"

"పేర్లు అడగకూడదని నియమం పెట్టింది మీరే గదన్నా."

"అది ఆ పాటే గదా!"

"ప్రార్థనే అనుకోని ఆమెన్ అంటిరి గదా."

వెనక వరసలోంచి ఒకామె అందుకుంది. "నేనూ అన్నానప్పా. మా ఇంటాయన ఒక్కపూటన్నా ప్లేటు కడిగితే ఇంకోసారి అంటా." ఆడవాళ్ళంతా నవ్వారు. పాస్టరుగారు తల దించుకుని రొట్టె విరవడం మొదలుపెట్టారు.

సంఘపెద్ద రొట్టె పళ్ళెం పట్టుకుని మా వరసకు వచ్చాడు. నా పక్కనున్న పిల్లను దాటి నా ముందు చాపాడు. నేను చేతులు ఒళ్ళోనే ఉంచుకున్నాను. జీవితంలో మొదటిసారి ఆ రొట్టె ముందు చేయి చాపలేదు.

"ఏమన్నా, ఆ పిల్లను దాటిపోతాండావే?" అంది వెనకామె. "ఆమెన్ అన్న నోరు నీది గాదా?"

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. మొహం గోడకు తిప్పుకుని పళ్ళెం చాపాడు. పిల్ల ముక్క తీసుకుంది. తరవాత నేనూ తీసుకున్నాను.

పిల్లను ఎవరూ మళ్ళీ క్షమాపణ చెప్పమనలేదు. ఆయనా పిల్లకు క్షమాపణ చెప్పలేదు. నాకు ఇప్పటికీ మండుతున్నది అదే.