మోడెం మొరాయిస్తే

పోయిన బుధవారం కంకిపాడు బస్సులో ఉండగా ఫోనొచ్చింది. మాస్టారు పోయారు. జనాజాకి అందుకోలేకపోయాను. నిజం చెప్పాలంటే, ఏడేళ్ళుగా నేను ఆయన గడప తొక్కలేదు.

ఆయన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. ఆదివారాలు వన్‌టౌన్‌లో ఓ సైకిల్ షాపు పైగదిలో పదిమందిమి చేరి ఆయన దగ్గర విండోస్‌కి బదులు వాడే లినక్స్ నేర్చుకునేవాళ్ళం. సీడీలు ఆయనే కాపీ చేసి, పైన చేత్తో పేరు రాసి ఇచ్చేవారు. "లోపలేముందో చూసుకోవచ్చండీ, మార్చుకోవచ్చు, పక్కింటాయనకీ ఇవ్వొచ్చు. దాచేదేం లేదు." స్కూలు పిల్లల్ని కూడా అండీ అనే పిలిచేవారు.

గొడవ మోడెం దగ్గరొచ్చింది. మంగళగిరి నుంచి ఒకమ్మాయి కంప్యూటర్ని ఆటోలో వేసుకొచ్చింది. లినక్స్ ఎక్కింది గానీ ఇంటర్నెట్ రాలేదు. ఫోన్ లైను మీద నెట్ తెచ్చే ఆ మోడెం కదలాలంటే కంపెనీవాళ్ళ డ్రైవర్ ప్రోగ్రాం వేయాలి. దాని లోపలేముందో కంపెనీ ఎవరికీ చూపించదు. నేను వేసేశాను.

"తాళంచెవి వేరేవాడి దగ్గరుంటే అది మనిల్లెలా అవుతుందండీ?" అన్నారు మాస్టారు.

"మీ సిద్ధాంతంతో ఆ అమ్మాయికి మెయిలొస్తుందా మాస్టారూ?" అన్నాను, అందరి ముందూ. ఎంత పొగరు నాకు!

పై ఆదివారానికి పదిమందిమీ రెండుగా చీలాం. వాళ్ళు స్వేచ్ఛ ముఖ్యమన్నారు, మేం పని జరగాలన్నాం. ఒకే వేళకి రెండు గదుల్లో కూర్చుని, మిగతా వారమంతా మెయిళ్ళలో తిట్టుకున్నాం. ఊళ్ళో మా గోల పట్టినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు తలుచుకుంటే కోపం కూడా రావడం లేదు, ఒట్టి అలసట.

ఆ తర్వాత మోడెం పనిచేయనివాళ్ళు కొండపల్లి నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. ఎవరు చెప్పారంటే, "ఎవరో పెద్దాయనండీ" అనేవారు. నా పేరు అంతదూరం పాకిందని మురిసిపోయాను. నేను మాత్రం ఒక్కరినీ మాస్టారి దగ్గరికి పంపలేదు.

మూడో రోజు వాళ్ళింటికి వెళ్తే, పెద్దబ్బాయి నన్ను ఆయన గదిలోకి తీసుకెళ్ళాడు. కంప్యూటర్ పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. మాస్టారి చేతిరాత. "మోడెం మొరాయిస్తే నేను డ్రైవర్ వేయనండీ. ఈయన వేస్తారు." కింద నా పేరు, అడ్రసు.

"వచ్చినవాళ్ళని రాసుకోమనేవారండీ. తను పంపినట్టు మాత్రం మీకు చెప్పొద్దనేవారు" అన్నాడు అబ్బాయి.

ఈ ఏడేళ్ళలో రెండుసార్లు ఇల్లు మారాను. కాగితం మీద రెండు అడ్రసులు కొట్టేసి ఉన్నాయి. మూడోది ఇప్పుడు నేనుంటున్నదే. ఈ ఇంటికి నేనొచ్చింది పోయినేడు. అప్పటికే ఆ మోడెంలు ఎవరూ వాడటం లేదు.