ఖాళీ మరచెంబు

చింతపండుతో తోముతుంటే ఇత్తడి మరచెంబు వాసన చేతులకు పట్టుకుంది. పుల్లగా, కాస్త చిలుముగా ఉండే ఆ వాసన తగిలితే చాలు, నాకు మా నాయనమ్మ, ఆవిడ జన్మలో ఎక్కిన ఒకే ఒక్క కొండ గుర్తొస్తాయి. రేపు పెద్దాపురం దగ్గరి ఆ మెట్ట కొండే ఎక్కుదామని మా పిల్లలు సరదాపడితే, అటక మీంచి దీన్ని దింపాను.

రామచంద్రపురం దగ్గర కాలవ గట్టున మా ఊరు. చాప పరిచినట్టు చదునుగా ఉండే నేలలో గడ్డిమేటుని మించిన ఎత్తు మేమెరగం. నాయనమ్మకి మాత్రం ఒక్కసారి కొండెక్కి మన నేలంతా పైనుంచి చూడాలని ఒకటే కోరిక. "పిట్టలు చూసేది నేను చూడకూడదా ఏంటి?" అనేది. ఆవిడ మోకాళ్లు ఇంకో ఏడాది ఆగేలా లేవని, ఒక మాఘమాసంలో, నేను పదేళ్ల పిల్లనప్పుడు, నాన్న సరేనన్నారు.

ఇక వారం రోజులు ఇంట్లో పెళ్లి హడావుడే. మినుములు వేయించిన కమ్మని వాసన వీధి చివరిదాకా వెళ్లింది. సున్నుండలు, ఇంగువ ఘాటు పులిహోర, అరిటాకులు, గొడుగు, విసనకర్ర, మోకాళ్లకి నువ్వులనూనె, కొండమీద చలేస్తుందేమోనని ఉన్ని దుప్పటి కూడా సర్దారు. మరచెంబు నాకు అప్పగించారు. బావి దగ్గర నింపబోతుంటే అందరూ నవ్వారు.

"నీళ్లెవరైనా మోసుకెళ్తారా అమ్మడూ? అక్కడ కాలవలో ముంచుకోవచ్చులే" అంది నాయనమ్మ.

నాలుగడుగులేస్తే కాలవో, బోదో, చెరువో తగిలే ఊరు మాది. నీళ్లు లేని చోటంటూ ఒకటుంటుందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఇల్లలకగానే పండగ కాదని సగం మెట్ట ఎక్కి, ఎండుమిరపకాయలు దట్టించిన పులిహోర తిన్నాక తెలిసింది. చుట్టూ రాళ్లు, ముళ్లపొదలు. నాయనమ్మ నాలుక పిడచకట్టుకుపోయి ఒక బండమీద కూలబడింది. "దిగిపోదామమ్మా" అన్నారు నాన్న. ఆవిడ ఇంకా సగం మిగిలిన దారికేసి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. అందరూ నవ్వినా సరే నింపి తేవాల్సిందని నాకు ఏడుపొచ్చింది.

అంతలో మేకలు తోలుకుంటూ ఒకావిడ వచ్చింది. నా చేతిలోది చూసి, "చెంబు తెచ్చి నీళ్లు తేలేదేంటండీ?" అని బుగ్గలు నొక్కుకుని, తన సీసా మూత తీసింది. వీధిన పోయేవాళ్లకి అడక్కుండానే మంచినీళ్లిచ్చే మా నాయనమ్మ ఆరోజు దోసిలి పట్టింది. తాగాక, మిగిలిన సున్నుండలన్నీ ఆవిడ కొంగులో పోసేసింది.

మెల్లిగా పైకి చేరాం. దిగువన ఎక్కడిదాకానో దాళ్వా వరినాట్ల పచ్చదనం, మధ్యమధ్య ఎండకి తళతళలాడే కాలవలు. నాయనమ్మ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసింది. తర్వాత పగలబడి నవ్వింది.

"అన్నేసి నీళ్లు పెట్టుకుని ఒక్క చెంబుడు తెచ్చుకోలేకపోయాం కదరా!"

అంత సంతోషంగా ఆవిణ్ణి నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. మా చేలు సగం చేపల చెరువులయ్యాయి. కాలవ పారుతూనే ఉంది గానీ అందులో దోసిలి ముంచి తాగేవాళ్లు లేరు. మా ఇంట్లోనూ టిన్నుల నీళ్లే. పిల్లలు తలా ఒక సీసా సర్దుకున్నారు. నేను చెంబు అంచుదాకా నింపి మూత బిగిస్తుంటే చిన్నది అడిగింది, "మనకి సీసాలున్నాయిగా, ఇదెవరికమ్మా?"

"దారిలో ఎవరైనా కూలబడితే, వాళ్లకి" అన్నాను.